పింఛను పెరిగింది, మెట్టు తగ్గలేదు

హనుమకొండ దగ్గరలోని ఒక మండల కార్యాలయం ముందున్న ర్యాంపును మొన్న టేపు పెట్టి కొలిచాను. వెంట మూడు చక్రాల బండి మీద వచ్చిన మిత్రుడు ఉన్నాడు. కొలత నాది, లెక్క అతనిది. మెట్లు మూడు, అన్నీ కలిపి అడుగున్నర ఎత్తు. ప్రమాణాల ప్రకారం అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలి. అంటే ఇక్కడ 18 అడుగుల ర్యాంపు కావాలి. ఉన్నది ఆరు అడుగులు. అదీ నున్నటి గచ్చు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. “ఇది ఎక్కడానికి కట్టింది కాదు, జారడానికి కట్టింది” అన్నాడు మిత్రుడు. ఆ జారుడు బల్ల కింది కొసకు అడ్డంగా రెండు స్కూటర్లు నిలిపి ఉన్నాయి.

కట్టినవారికి దురుద్దేశం ఉందని నేననుకోను. అంచనాల్లో ‘ర్యాంపు’ అని ఒక పద్దు ఉంది కాబట్టి కట్టారు. దాని మీదుగా ఎవరైనా పైకి వెళ్తారన్న ఊహ మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు. వికలాంగుల హక్కులకు చట్టం వచ్చి మూడు దశాబ్దాలు గడిచాక కూడా పరిస్థితి ఇలా ఎందుకుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

హక్కు అన్న మాట రాకముందు ఉన్నది దయ. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి తెరిచారు. ఊళ్లు వెలివేసినవారికి అక్కడ వైద్యం దొరికింది, అన్నం దొరికింది. అది చిన్న విషయం కాదు. అయితే వారిని తిరిగి తన మధ్యకు తీసుకోవలసిన బాధ్యత ఊరిది. ఆ పని ఏ ఆసుపత్రి వల్లా అయ్యేది కాదు.

హక్కులకు చట్టరూపం రావడానికి 1995 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. జావేద్ అబిదీ వంటి వికలాంగ హక్కుల ఉద్యమకారులు ఢిల్లీలో పార్లమెంటు ముందు బైఠాయించాక వికలాంగుల చట్టం సభల్లో గట్టెక్కింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది, ఉద్యోగాల్లో 3 శాతం వాటా ఇచ్చింది. భవనాలు, రోడ్లు, బస్సుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి’ అన్న మెలిక పెట్టింది. ఆ ఒక్క ముక్క చాలు. ఏ దరఖాస్తు వచ్చినా ‘నిధులు లేవు’ అని రాసి ఫైలు మూసేయవచ్చు, అది చట్టవిరుద్ధమూ కాదు.

పింఛను అలా కాదు. దానికి నెల ఉంది, అంకె ఉంది, ఎగ్గొడితే నిలదీయడానికి ప్రభుత్వం ఉంది. అందుకే మన దగ్గర ఉద్యమం పింఛను చుట్టూ బలపడింది. మాదిగ దండోరాతో రాష్ట్రమంతా తెలిసిన వరంగల్ వాసి మంద కృష్ణ మాదిగ వికలాంగుల హక్కుల పోరాట సమితిని కూడా నిలబెట్టారు. సమితి సభలకు జనం మూడు చక్రాల బళ్ల మీద, చంకకర్రల మీద వచ్చేవారు. ఉమ్మడి రాష్ట్రంలో నెలకు 500 రూపాయల దగ్గర ఉన్న పింఛను 2014లో తెలంగాణ ‘ఆసరా’ పథకంతో 1,500 అయింది, 2019లో 3,016కు, 2023లో 4,016కు పెరిగింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ 6,000 ఇస్తానంది. దాని కోసం సమితి మళ్లీ రోడ్డెక్కింది. కడుపు సంగతి ముందు చూడమనడంలో తప్పేమీ లేదు. అయితే ర్యాంపు కోసం అంత పెద్ద సభ జరిగినట్టు నాకు గుర్తు లేదు.

పింఛనుతో పాటు ఇంకొకటి వచ్చింది: శాతం. వైకల్యం ఎంతో కొలిచి పత్రం ఇచ్చే సదరం శిబిరంలో వైద్యులు తేల్చే అంకె 40 ఉంటే లోపల, 39 అయితే బయట. ఇద్దరు వికలాంగులు కొత్తగా కలిస్తే పేరు తర్వాత అడిగేది ‘మీది ఎంత శాతం?’ అని. మనిషిలో ఎంత లోపముందో కొలిచే పద్ధతి కుదిరింది కానీ, భవనంలో ఎంత లోపముందో కొలిచి పత్రం ఇచ్చే శిబిరం ఇంతవరకు పెట్టలేదు.

పాత చట్టం స్థానంలో వచ్చిన 2016 చట్టం ఈ చూపును మార్చాలని చూసింది. గుర్తించిన వైకల్యాలు 21కి పెరిగాయి. ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేలను పీడించే సికిల్ సెల్ వ్యాధికి కూడా అందులో చోటు దక్కింది. ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదంది, ఉన్న ప్రభుత్వ భవనాలను ఐదేళ్లలో సరిచేయాలంది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022 జూన్‌తో ముగిసింది. ముగిసినట్టు కూడా ఎవరూ గమనించలేదు. రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న అసలు కిటుకు బయటపెట్టింది. చట్టం ‘తప్పనిసరి’ అంటుంటే, దాని కింద చేసిన 15వ నియమం ప్రమాణాలను సలహాల స్థాయికి దించిందని చెప్పి ఆ నియమాన్ని కొట్టేసింది. 1995 నాటి మెలిక వేరే వేషంలో మళ్లీ దూరిందన్నమాట.

ఈ మధ్యలో పేరు మాత్రం మారింది. 2015 చివర్లో ప్రధాని ‘దివ్యాంగులు’ అనమన్నారు. పత్రికలు, బోర్డులు మార్చుకున్నాయి. సంఘాల్లో చాలామంది ఇప్పటికీ వికలాంగులమనే చెప్పుకుంటారు. దివ్యత్వం ఎవరడిగారు, బస్సు మెట్టు కాస్త కిందికి దించమంటే! పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు మోకాలి ఎత్తున ఉంటుంది. పోలియో కాలు దాన్ని అందుకోవాలంటే రెండు చేతులూ కమ్మీకి వేలాడాలి, అప్పుడు చంకకర్ర ఎవరికో ఇవ్వాలి.

రామప్పలో ఆరడుగుల జగతి మీద గుడి కట్టిన రేచర్ల రుద్రుణ్ణి తప్పుపట్టలేం, 1213 నాటి మాట అది. నిన్న గాక మొన్న కట్టిన ఫంక్షన్ హాళ్లలో భోజనాలు మేడ మీద పెట్టేవారిని ఏమనాలి? పెళ్లికి పిలుస్తారు, కింద కుర్చీ వేసి కూర్చోబెడతారు, విస్తరి అక్కడికే పంపుతారు. మర్యాదగానే పంపుతారు.

2023 శాసనసభ ఎన్నికల్లో 40 శాతం దాటినవారు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కల్పించారు. మంచం పట్టినవారికి అది నిజంగా మేలు. నా మిత్రుడు మాత్రం దరఖాస్తు పెట్టుకోలేదు. పోలింగు రోజు బడి దగ్గర వేపచెట్టు కింద ఊరంతా కలుస్తుందట, తన చిన్ననాటి జతగాళ్లు సూరత్ నుంచి, భివండీ నుంచి వస్తారట. ఆ రోజు బడి మెట్ల మీద చెక్కపలకలు పరిచి ఉన్నాయి, ఇద్దరు కుర్రాళ్లు బండిని వెనక నుంచి తోశారు, లోపలికి వెళ్లి ఓటేసి వచ్చాడు. సాయంత్రం ఆ పలకలు తీసేశారు.