చేతికి చిక్కిన సంగతి డ్రోన్‌కి తెలియదు

పాపికొండల బోటు మీద ఒక పెళ్లి కెమెరామన్ డ్రోన్ దించడం దగ్గర్నుంచి చూశాను. డెక్ నిండా జనం, కుర్చీలు, స్పీకర్లు. చాప పరిచేంత జాగా కూడా లేదు. ఉన్నా లాభం ఉండేది కాదు. డ్రోన్ జీపీఎస్‌ని నమ్ముకుని గాల్లో ఒకచోటే నిలబడుతుంది, బోటేమో దాని కింద నుంచి జరిగిపోతూ ఉంటుంది. పోనీ దాన్ని తనంతట తనే వెనక్కి రప్పించే రిటర్న్ టు హోమ్ బటన్ నొక్కుదామా అంటే, మామూలుగా అది బయల్దేరినప్పుడు బోటు ఎక్కడుందో అక్కడికే వెళ్లి దిగుతుంది. అంటే నేరుగా గోదాట్లోకి. అందుకే ఆయన రిమోట్ అసిస్టెంట్ కుర్రాడికిచ్చి, రెయిలింగ్ పక్కన చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

పొలంలో అయినా నేల మీద దించడం తేలికేం కాదు. డీజేఐ ఫాంటమ్ 4 ప్రో అనే డ్రోన్‌నే తీసుకోండి. బరువు 1388 గ్రాములు. గాల్లో నిలబడాలంటే నాలుగు రెక్కలూ తలా 350 గ్రాముల చొప్పున మొయ్యాలి. ఆ బలం గాలిని కిందికి తోయడం వల్ల వస్తుంది. లెక్క వేసి చూస్తే రెక్క దగ్గర గాలి వేగం గంటకు 20 కిలోమీటర్లు, కాస్త కిందికి వచ్చేసరికి దాదాపు రెట్టింపు. ఆ గాలి కళ్లం మీద పడితే తూర్పారబట్టినట్టే ఉంటుంది. లేచిన ఊకా దుమ్మూ మోటార్లలోకీ, కెమెరాని కుదురుగా ఉంచే గింబల్‌లోకీ దూరతాయి. దానికి తోడు నేలకి జానెడు ఎత్తుకు వచ్చాక గాలికి కిందికి పోయే దారి ఉండదు, పక్కలకు పరుచుకుంటుంది. అప్పుడు అదే తిరుగుడుకి రెక్కలకు ఎక్కువ ఊతం దొరుకుతుంది. గ్రౌండ్ ఎఫెక్ట్ అంటే ఇదే. చివరి క్షణంలో డ్రోన్ కూర్చోనని మారాం చేసి పక్కకు జారడానికి ఇదో కారణం.

అరచెయ్యి చిన్నది కాబట్టి గాలి దాని పక్కల నుంచి దిగిపోతుంది, ఈ గొడవ పెద్దగా ఉండదు. వచ్చిన చిక్కల్లా డ్రోన్ పొట్ట కింద ఉండే సెన్సర్లతోనే. నేల ఎంత దూరంలో ఉందో అవి ఎప్పటికప్పుడు కొలుస్తుంటాయి. చెయ్యి అడ్డం రాగానే నేలే పైకి లేచిందనుకుని కొన్ని మోడళ్లు చటుక్కున ఎత్తు పెంచేస్తాయి. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. పారిపోతోందనుకుని ఎగిరి పట్టుకుంటారు.

ఆ పట్టుకోవడం ఎంత ప్రమాదమో 2015 మే 30న మెక్సికోలోని తిహువానాలో తెలిసొచ్చింది. జనాన్ని పైనుంచి తీస్తున్న డ్రోన్‌ని స్పానిష్ గాయకుడు ఎన్రికే ఇగ్లేసియాస్ వేదిక మీద చేత్తో అందుకోబోయాడు. వేళ్లు కోసుకుపోయాయి, ఆ తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ప్లాస్టిక్ రెక్కే కదా అనిపిస్తుంది. 24 సెంటీమీటర్ల రెక్క నిమిషానికి 5000 సార్లు తిరిగితే దాని కొస గంటకు 225 కిలోమీటర్ల వేగంతో పోతుంది.

నన్నడిగితే పట్టుకునే క్షణం కన్నా ఆ తర్వాతి రెండు మూడు సెకన్లకే ఎక్కువ భయపడాలి. మన చేతికి చిక్కిన సంగతి డ్రోన్‌కి తెలియదు, ఇంకా ఎగురుతూనే ఉన్నాననుకుంటుంది. లోపలున్న జైరోస్కోప్, యాక్సెలరోమీటర్ సెకనుకు వందల సార్లు దాని వాలు చూస్తుంటాయి. ఒక పక్క ఒరిగితే ఆ పక్క రెక్కల్ని జోరు పెంచి లెవెల్‌కి తెచ్చుకుంటుంది. గాల్లో అయితే అర క్షణంలో సర్దుకుంటుంది. చేతిలో ఉన్నప్పుడు మనం వంచితే, అది జోరు పెంచుతుంది. మన పట్టు వల్ల లెవెల్‌కి రాదు. ఇది చాలలేదనుకుని ఇంకా పెంచుతుంది. పగ్గం బిగించేకొద్దీ గిత్త గుంజినట్టు ఉంటుంది వ్యవహారం. కంగారులో కిందికి లాగారా, ముఖం దగ్గరే నాలుగు రెక్కలూ రొద పెడతాయి. తలకిందులుగా తిప్పేస్తే ఆగిపోతుందని కొందరంటారు. కొన్ని మోడళ్లు నిజంగానే ఆగుతాయి, మిగతావి ఇంకా గింజుకుంటాయి. మాన్యువల్ చూడకుండా ఆ ప్రయోగం వద్దు.

మోటార్లు ఆగాలంటే దిగిపోయానని డ్రోన్‌కి నమ్మకం కుదరాలి. రిమోట్ మీద ఎత్తు పెంచి తగ్గించే త్రాటిల్ స్టిక్ పూర్తిగా కిందికి లాగి పట్టుకుంటే దిగమని ఆజ్ఞ వెళ్తుంది. ఎంతకీ ఎత్తు తగ్గకపోతే కింద నేల తగిలిందని అదే తేల్చుకుని మోటార్లు ఆపేస్తుంది. ఇక్కడ ఆ నేల మన చెయ్యే, కాబట్టి అది నేలలాగే కదలకుండా, వాలకుండా ఉండాలి.

బోటు మీద ఆయన సరిగ్గా అదే చేశాడు. డ్రోన్ వీపు తనవైపు ఉండేలా తిప్పించుకున్నాడు. ముందు భాగం ఎదురుగా ఉంటే అడ్డంకులు చూసే సెన్సర్లు మనిషిని చూసి దగ్గరికి రానివ్వవు, కెమెరా ఉండేది కూడా అటే. చున్నీలు వేసుకున్న అమ్మాయిల్ని వెనక్కి జరగమన్నాడు, ఎందుకంటే రెక్కలు పైనుంచే గాలిని పీల్చుకుంటాయి, గుడ్డ అంచు దొరికితే చుట్టేసుకుంటాయి. కళ్లద్దాలు సర్దుకుని, తలకన్నా ఎత్తులో చెయ్యి చాపి, డ్రోన్ తనంతట తను నిలకడగా ఆగేదాకా చూసి, కింద నుంచి కాళ్లు పట్టుకున్నాడు.

"పట్టుకున్నా. లాగు!"

"లాగానన్నా."

"వదలకు. అలాగే పట్టుకో."

రొద సన్నబడి ఆగిపోయింది. ఎవరో టీ గ్లాసు అందించారు. ఆయన ఆ పైనున్న చేతినే చూస్తున్నాడు. నాలుగో రెక్క కూడా కదలకుండా నిలిచాకే చెయ్యి దించాడు.