కట్ట మీద నడక, శిఖంలో బతుకు

నల్లగొండను ఆనుకుని పానగల్ వద్ద ఉన్న ఉదయ సముద్రానికి నడక కోసం వచ్చేవారూ, సెలవు రోజున పిల్లాపాపలతో సద్ది మూట కట్టుకుని వచ్చేవారూ ఎక్కువగా కట్ట దగ్గరే ఆగిపోతారు. అక్కడి నుంచి నీరు కనుచూపు మేర కనిపిస్తుంది, గాలి చల్లగా తగులుతుంది, పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం కూడా దగ్గరే ఉన్నాయి. పక్షులను చూడాలనుకునేవారు మాత్రం చెరువు అడుగు ఎటు వాలి ఉంటుందో ముందుగా గ్రహించాలి. ఏ చెరువుకైనా కట్టను వాలుకు అడ్డంగా, దిగువన వేస్తారు కాబట్టి లోతంతా కట్ట మొదట్లో, తూము దగ్గర ఉంటుంది. ఎగువకు పోయేకొద్దీ నీరు మోకాలి లోతుకు, ఆ తరువాత మడమ లోతుకు తగ్గి, బురదగా మారి, చివరకు శిఖం భూమిలో, అంటే నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు లోపలి నేలలో, కలిసిపోతుంది. ఎండ అడుగు దాకా దిగగలిగిన ఆ పలుచని నీటిలోనే నాచు, తుంగ పెరుగుతాయి, వాటిని ఆశ్రయించి నత్తలు, పురుగులు, చేపపిల్లలు బతుకుతాయి, వాటి కోసం పక్షులు చేరుతాయి.

ఆ పక్షులు కూడా ఎక్కడపడితే అక్కడ నిలబడవు. పొట్టికాళ్ల ఉల్లంకి పిట్టలు తడిబురదలో ముక్కు గుచ్చి పురుగులను వెతుకుతాయి, తెల్లకొంగలు జానెడు నీటిలో నడుస్తాయి, పొడవుకాళ్ల నారాయణ పక్షి ఇంకాస్త లోపలికి పోతుంది, కాలు అందని చోట బుడుబుంగలు, నీటికాకులు మునకలు వేస్తాయి. కాలి పొడవు, ముక్కు తీరు చూస్తే ఆ పిట్ట ఎంత లోతులో మేస్తుందో దాదాపుగా చెప్పవచ్చు. కట్ట మీద నిలబడినవారికి మునిగే పక్షులే దగ్గరగా కనిపించడానికి, కొంగల గుంపులు దూరాన తెల్లచుక్కలుగా మిగిలిపోవడానికి కారణం ఇదే.

మధ్యయుగంలో ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నుంచి ఉన్న ఈ చెరువు ఇప్పుడు ఒకటిన్నర టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, అంటే వేరే చోటి నుంచి తెచ్చిన నీటిని నిల్వ చేసి అవసరాన్ని బట్టి వదిలే జలాశయం. నాగార్జునసాగర్ వెనుక జలాలను పుట్టంగండి వద్ద మోటార్లతో ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయం మీదుగా కాలువలో ఇక్కడికి తెస్తున్నారు. అందువల్ల ఇక్కడి నీటిమట్టం స్థానికంగా కురిసిన వానను బట్టి కాక, సాగర్‌లో ఉన్న నీటిని, తిరిగిన మోటార్లను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఎగువన వాలు తక్కువ కాబట్టి మట్టం ఒక్క అడుగు దిగినా ఒడ్డు చాలా దూరం వెనక్కి జరుగుతుంది. నిన్న ఈదిన చోట నేడు బురద తేలుతుంది, ఉల్లంకి పిట్టలు అక్కడికి మారుతాయి.

మన వనభోజనాల కార్తీకానికీ, ఉత్తర ఆసియా నుంచి, మధ్య ఆసియా నుంచి సూదితోక బాతుల వంటి వలస పక్షులు దక్కన్ చెరువులకు రావడం మొదలయ్యే కాలానికీ పొత్తు కుదిరింది. అయినా చెరువు నిండుగా ఉన్న ఏడు కార్తీకంలో బాతులు దొరికినంతగా బురద పిట్టలు దొరకవు, ఎందుకంటే వాటికి కాలు మోపే చోటు నీటి కింద ఉంటుంది. నిండు చెరువు ఫొటోకు బాగుంటుంది గానీ, పక్షుల కోసమే వచ్చేవారికి నీరు కొంత తీసిన మాఘ ఫాల్గుణాలు మేలని నా అభిప్రాయం.

రోజులో ఏ వేళ రావాలన్న ప్రశ్నకు సమాధానం నీటిలోనే ఉంది. పగలు నాచు, నీటిమొక్కలు కిరణజన్య సంయోగక్రియ వల్ల నీటిలోకి ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి ఆ ఉత్పత్తి ఆగిపోతుంది కానీ, మొక్కలు, చేపలు, సూక్ష్మజీవులు అన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి కాబట్టి తెల్లవారేసరికి నిల్వ అడుగంటుతుంది. పైగా వెచ్చని నీరు తక్కువ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది: 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే కరుగుతుంది. నాచు చిక్కగా ఉన్న నీటిలో, వేసవి వేకువన చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆడుకుంటున్నాయని పిల్లలకు చూపిస్తారు. నిజానికి అవి ఊపిరాడక గాలికి దగ్గరగా ఉన్న పైపొర నీటిని మింగుతున్నాయి. కొంగలు అప్పటికే అక్కడ కాచుకుని ఉంటాయి.

కొంగ జపం అని మనం ఎగతాళి చేస్తాం గానీ, ఆ నిలకడ వెనుక కష్టమైన లెక్క ఉంది. నీటి నుంచి గాలిలోకి వచ్చే కాంతి వంగుతుంది కాబట్టి, నేరుగా పై నుంచి చూసినా 40 సెంటీమీటర్ల లోతులోని చేప 30 సెంటీమీటర్ల లోతులోనే ఉన్నట్టు కనబడుతుంది. ఏటవాలుగా చూస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కనబడిన చోట పొడిస్తే వేటు తప్పుతుంది. కొంగ మెడను ముందుకూ వెనక్కూ జరిపి చూపు కోణాన్ని సరిచేసుకుని, చేప ఉన్నట్టు తోచిన చోటికి కాక దానికి కిందికి ముక్కును దింపుతుంది. నీటికాకి దారి వేరు. దాని ఈకల పైభాగం తడిసిపోవడం వల్ల వాటిలో చిక్కుకున్న గాలి తగ్గి, శరీరం తేలికగా మునుగుతుంది. ఆ సౌకర్యానికి మూల్యంగా, మునక తరువాత ఏ బండ మీదో, మునిగిన తుమ్మ కొమ్మ మీదో రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది.

వనభోజనం గురించి ఒక మాట చెప్పక తప్పదు. నల్లగొండ ప్రాంతపు గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ఆ పదార్థం అంతకు మించి ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. పటిక, సున్నంతో దానిని తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించినప్పుడు, దానికి నల్లగొండ పేరే పెట్టారు. శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు ఇళ్లకు చేరడం ఇక్కడ ఎంత అవసరమో దీనిని బట్టి ఊహించవచ్చు. ఉదయ సముద్రం ఆ తాగునీటికి ఆధారం. చేపలకని విసిరే అటుకులు, రొట్టెముక్కలు, విస్తళ్లలో మిగిలిన అన్నం కుళ్లి, నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసి, నాచును పెంచుతాయి. మిగిలింది ఇంటికి తీసుకుపోవడం కష్టమైన పనేమీ కాదు.

పట్టణాల్లో చెరువును అందంగా తీర్చే పేరుతో చుట్టూ ఒడ్డు కోసుకుపోకుండా రాళ్లు పేర్చి (రివిట్‌మెంట్), బాట వేసి, రాత్రంతా దీపాలు వెలిగించడం పరిపాటి అయింది. కట్ట వైపు బాట ఉంటే అభ్యంతరం లేదు. శిఖం వైపు కూడా రాతిగోడ లేస్తే పలుచని అంచు మాయమై, ఆ అంచున మేసే పక్షులు వెళ్లిపోతాయి.

ఆ వైపు నడవాలనుకునేవారు పొద్దు వీపున ఉండేలా నిలబడితే రంగులు స్పష్టంగా తెలుస్తాయి, ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8x42 బైనాక్యులర్ చాలు. మేస్తున్న పక్షి మేత ఆపి తల ఎత్తిందంటే మనం కావలసిన దానికంటే దగ్గరగా వచ్చామని అర్థం. వేసవిలో నీరు తీసిన నేల మీద తీతువు పిట్ట గూడంటూ కట్టకుండా, గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చలున్న ఆ గుడ్లు రాళ్లలో రాళ్లలా కలిసిపోతాయి. ఎండ ముదిరితే తల్లి పొట్ట ఈకలను నీటిలో తడిపి వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. అది అరుస్తూ నెత్తి మీద తిరుగుతుంటే అడుగు చూసుకుంటూ వచ్చిన దారినే వెనుదిరగాలి, ఎందుకంటే మనం అక్కడ ఉన్నంతసేపూ గుడ్లు ఎండలోనే ఉంటాయి.