ఒకేలాంటి రెండు లైన్లు: ‘క్లీనప్’ ప్యాచ్‌ల తగాదాకు 2006 నాటి మూలం

కృత్రిమ మేధతో రాయించిన ‘క్లీనప్’ ప్యాచ్‌లను (కోడ్‌ను శుభ్రం చేసే మార్పులను) తీసుకోవాలా వద్దా అన్న గొడవ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో మళ్లీ రాజుకుంది. లినక్స్ పంపిణీ జెంటూ 2024 ఏప్రిల్‌లోనే వద్దనేసింది. కాపీరైట్‌తో పాటు నాణ్యతనూ కారణంగా చూపింది. మరుసటి నెలలో నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు, ముందుగా రాతపూర్వక అనుమతి లేనిదే అలాంటి కోడ్ చేర్చరాదంది. పంపేవాళ్లు చెప్పేది ఒకటే: టూల్ హెచ్చరించింది, సరిచేశాం, టెస్టులు పాసయ్యాయి. ఈ మూడూ నిజమే అయినా కొంప మునుగుతుందని మరో లినక్స్ పంపిణీ డెబియన్‌లో ఏనాడో తేలింది.

ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు తయారుచేసే ఫైలు ఎండీ_ర్యాండ్.సి. అందులో, డేటాను హాష్ లెక్కలో కలిపే ఎండీ_అప్‌డేట్‌ను పిలిచే లైను, అక్షరం తేడా లేకుండా, రెండు ఫంక్షన్లలో ఉండేది. ఒకటి సంఖ్యలను బయటికి ఇచ్చే ఫంక్షన్. ఫలితం కోసం ఇచ్చిన బఫర్‌లో అప్పటికే ఏ చెత్త ఉంటే దాన్నీ పూల్‌లో (యాదృచ్ఛికతను పోగుచేసే మెమరీలో) కలిపేది. ఈ లైను తీసేసినా నష్టం లేదు. రెండోది పూల్‌లోకి విత్తనం వేసే ఫంక్షన్. కర్నెల్ నుంచి చదివిన యాదృచ్ఛిక బైట్లు పూల్‌లో కలిసేది ఆ లైను ద్వారానే.

విలువ పెట్టని మెమరీని చదవగానే, మెమరీ తప్పులు పట్టే టూల్ వాల్‌గ్రైండ్ అరవదు. ఆ విలువను బట్టి ప్రోగ్రాము ఏదైనా షరతు తేల్చుకున్నప్పుడే చెబుతుంది. అలాంటి బైటు ఒక్కటి పూల్‌లో పడిందా, హాష్ నుంచి వచ్చేదంతా అనుమానితమే. అందుకే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాడే ప్రోగ్రాముల్లో ఎక్కడెక్కడో హెచ్చరికలు వచ్చేవి. అసలు మూలం చూపించే ట్రాక్-ఆరిజిన్స్ ఆప్షన్ వాల్‌గ్రైండ్‌లోకి 2009లో గానీ రాలేదు.

ఆ హెచ్చరికలు ఆపాలనుకున్న డెబియన్ మెయింటైనర్ (ప్యాకేజీ బాధ్యుడు) గుడ్డిగా చెయ్యి పెట్టలేదు. 2006 మేలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవలపర్ల మెయిలింగ్ లిస్టులో ఆ రెండు లైన్లూ చూపించారు. తీసేస్తే ప్రభావం ఎంతో తనకు తెలియదనీ, పూల్‌కు యాదృచ్ఛికత తగ్గొచ్చనీ రాసి మరీ అభిప్రాయం అడిగారు. డీబగ్గింగ్‌కు ఉపయోగమైతే తీసేయడానికి తాను అనుకూలమేనని ప్రాజెక్టు సభ్యుడొకరు జవాబిచ్చారు. ప్యాచ్‌ను తమకు పంపాల్సిందనీ, అది తాము చర్చించుకునే లిస్టు కాదనీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వైపు నుంచి తర్వాత వచ్చిన వాదన. సొంత సభ్యుడే బదులిచ్చాక ఈ మాట అంతగా నిలవదు. పైగా, తీసేసినా ఫర్వాలేని లైను పక్కన ‘ప్యూరిఫై (వాల్‌గ్రైండ్ లాంటి మరో టూల్) గోల పెడుతుంది’ అని కామెంట్ ఉంది. ప్రాణం లాంటి లైను పక్కన ఒక్క ముక్క లేదు!

2006 సెప్టెంబరులో డెబియన్ 0.9.8సి-1 ప్యాకేజీతో రెండు లైన్లూ కామెంట్లుగా మారి, పనిచేయకుండా పోయాయి. ఇక పూల్‌లో కలిసే మారే విలువ ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రాముకు సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే. దాని గరిష్ఠ పరిమితి 32,768. తాళం (కీ) రకం, పొడవు, ప్రాసెసర్ రకం తెలిస్తే, దూరపు కంప్యూటర్లలోకి లాగిన్‌కు వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళాల్లో సాధ్యమయ్యేవన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. వేరేచోట సక్రమంగా పుట్టిన డీఎస్‌ఏ (డిజిటల్ సంతకాల పద్ధతి) తాళం కూడా, ఈ ప్యాకేజీ ఉన్న యంత్రం మీద ఒక్క సంతకానికి వాడితే చెడినట్టే, ఎందుకంటే ప్రతి సంతకానికీ కొత్త యాదృచ్ఛిక సంఖ్య కావాలి. డెబియన్ ఆధారంగా తయారైన ఉబుంటు కూడా చిక్కుకుంది. తాళాలు చూడటానికి మామూలుగానే ఉండేవి, లాగిన్ పనిచేసేది, టెస్టులు తప్పేవి కావు. ఈ లోపాన్ని లూసియానో బెల్లో కనిపెట్టగా 2008 మే 13న డెబియన్ ప్రకటించింది.

2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో బయటపడ్డ భద్రతా లోపం హార్ట్‌బ్లీడ్ చాలామందికి తెలిసిందే. ఆ తర్వాత, 2015 జనవరిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్ మొత్తాన్నీ ఒకే ఇండెంటేషన్‌లోకి (లైన్ల ముందు ఖాళీల అమరికలోకి) మార్చారు. మంచిదే. కానీ ఆ రెండు లైన్ల తేడా ఏ ఇండెంటేషన్‌తోనూ తెలియదు. దాన్ని తెలిపింది 2008 తర్వాత చేర్చిన కామెంట్: ఈ పిలుపును తీయొద్దు, వాల్‌గ్రైండ్ ఫిర్యాదు చేస్తే తప్పు పిలిచినవాళ్ల దగ్గర ఉంది, తీస్తే తాళాలు బలహీనమవుతాయి.

ఇప్పటి ప్యాచ్‌ల రివ్యూలో అడగాల్సినవీ ఇవే. హెచ్చరిక వచ్చిన చోటా, దాని మూలం ఉన్న చోటా ఒకటేనా? ఇదే లైను ఇంకెక్కడుంది, అక్కడ దాని పనేమిటి? ఇండెంటేషన్ మార్పూ ప్రవర్తన మార్పూ ఒకే కమిట్‌లో (ఒక్కసారిగా చేర్చే మార్పులో) కలిశాయా? 2006లో డెబియన్ మెయింటైనర్ కనీసం తెలియదని ఒప్పుకుని అడిగారు. ఇప్పుడొస్తున్న చాలా ప్యాచ్‌లకు ఆ ఒక్క వాక్యమూ ఉండటం లేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం 2018 నాటి 1.1.1లో ఆ జనరేటర్‌నే మార్చేసింది. కొత్తది తనకు అందిన యాదృచ్ఛికతను లెక్కగట్టుకుంటుంది, చాలకపోతే సంఖ్యలివ్వకుండా ఎర్రర్ తిప్పి పంపుతుంది.