నీలం కనిపించని మనుషులు: ఆ వీడియో వెనక కథ

పూర్వం గ్రీకులకు నీలం రంగు కనపడేదే కాదని, భాషలో పేరు లేని రంగును కన్ను పట్టలేదని చెప్పే పాత వీడియో ముక్క మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. ప్రాచీన గ్రీకు కవి హోమర్ సముద్రాన్ని ద్రాక్షసారాతో పోల్చడం, దాని మీద 1858లో బ్రిటిష్ రాజకీయవేత్త గ్లాడ్‌స్టన్ రాసినది, మన భాషే మన ఆలోచననూ చూపునూ మలుస్తుందన్న భాషావేత్తలు సపీర్, వోర్ఫ్‌ల తర్వాతి వాదం చాలామంది విన్నవే. ఇప్పటి గొడవకు మూలం అంత వెనక లేదు. 2011లో బీబీసీ ప్రసారం చేసిన హొరైజన్ అనే సైన్స్ కార్యక్రమంలో ఉంది.

ఉత్తర నమీబియాలో పశువులు కాసుకునే హింబా జనాన్ని అందులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద గుండ్రంగా 12 గళ్లు. 11 ఆకుపచ్చ, ఒక్కటి నీలం. ఆ ఒక్కటి ఏదో పట్టుకోలేక తడబడ్డట్టు చూపించారు. ఆకుపచ్చకూ నీలానికీ వాళ్లకు ఒకటే పేరు. ఇంకేం, నీలానికి వేరే పేరు లేదు కాబట్టి చూపూ లేదని జనం తేల్చేసుకున్నారు.

2015లో ఫొటోలోని ఒక గౌను నీలం-నలుపా, తెలుపు-బంగారమా అని ఇంటర్నెట్టంతా కొట్టుకున్నప్పుడు ఈ కథ మళ్లీ లేచింది. భాషావేత్త మార్క్ లిబర్‌మన్ పరిశోధకుల దగ్గరే ఆరా తీస్తే, అది టీవీ కోసం కట్టిన దృశ్యమని తేలింది. హింబాల మీద మనస్తత్వ పరిశోధకులు డెబీ రాబర్సన్, జూల్స్ డేవిడాఫ్ బృందం 2005లో ప్రచురించిన పత్రం చెప్పింది వేరు: ఎవరి భాషలో రంగుల మధ్య గీత ఎక్కడ ఉంటే, అక్కడి దగ్గరి ఛాయలను విడదీయడం వాళ్లకు తేలిక. నీలం కనపడదని అందులో లేదు. మనమూ పసుపు రాసిన పాదాలను పచ్చగా ఉన్నాయంటాం, వరిచేనునూ పచ్చగా ఉందంటాం. ఆ రెండిటి తేడా తెలియని రైతు ఎక్కడున్నాడు?

భాష చూపును మలుస్తుందనేవారికి గట్టి ఆధారం 2007 నాటి రష్యన్ ప్రయోగం. ముదురు నీలానికి, లేత నీలానికి రష్యన్‌లో వేర్వేరు పేర్లు. ఆ హద్దుకు అటూ ఇటూ ఉన్న ఛాయలను రష్యన్లు కాస్త త్వరగా విడదీశారు. అంకెలు మనసులో వల్లె వేయమంటే మాత్రం ఆ వేగం పోయింది. అంటే కన్ను మారలేదు, పోల్చే వేళ లోపల మాట సాయం చేస్తోంది.

రంగుల పేర్లు అన్ని భాషల్లోనూ దాదాపు ఒకే క్రమంలో పుడతాయని 1969లో బ్రెంట్ బెర్లిన్‌తో కలిసి వాదించిన భాషావేత్త పాల్ కే, 2006లో మరో పత్రంలో సహరచయిత. రంగు చూపుకు కుడివైపు కనిపిస్తే, అది ముందు చేరేది భాషను నడిపే ఎడమ మెదడుకు కాబట్టి, భాష ప్రభావం పనిచేస్తుందని, ఎడమవైపైతే అంతగా ఉండదని దాని సారం. మరో రెండు బృందాలు పరీక్షిస్తే ఆ తేడా నిలబడలేదు. ఆ ఫలితాలు అచ్చయిందీ 2011లోనే. వాటిని ఏ టీవీ చూపించలేదు, ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.