పాత కేసు ఫైళ్ళు: "మీ తాతది గొడ్ల కేసు" అన్నవాళ్ళకి సమాధానం

బ్రిటిష్ కాలం నాటి కోర్టు, జైలు రికార్డులు వెతికే పనిలో ఉన్నాను కాబట్టి ఎప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు, అందరిదీ దాదాపు ఒకటే గోల. "పేరు దొరికిందండీ, కానీ అదేదో ఫారెస్టు కేసంట, ఉద్యమం కేసు కాదంట." ఈ "కాదంట" ఎవరు పుట్టిస్తారో గానీ ఇళ్ళల్లో పెద్ద గొడవలే అవుతున్నాయి.

అపోహ: సెక్షన్ చూస్తే ఏం చేశాడో తెలిసిపోతుంది.

వాస్తవం: అస్సలు తెలీదు. రాజద్రోహం, అంటే 124-ఏ, ఎక్కువగా పత్రికలు నడిపేవాళ్ళ మీదా ఉపన్యాసాలిచ్చేవాళ్ళ మీదా పెట్టేవాళ్ళు. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని 'స్వరాజ్య' పత్రికలో రాతలకి జైల్లో వేసింది దాని కిందే. మామూలు రైతుకి అంత పెద్ద సెక్షన్ ఎందుకు, చేతికందింది తగిలించేవాళ్ళు. పల్నాడులో 1921లో పుల్లరి, అంటే అడవిలో పశువుల్ని మేపుకోడానికి కట్టే పన్ను, కట్టకుండా పశువుల్ని అడవిలోకి తోలడమే సత్యాగ్రహం కదా, అదే కేసు కాగితం మీదకొచ్చేసరికి రిజర్వ్ ఫారెస్టులో అక్రమంగా మేపడం అయిపోతుంది, గొడ్లు బందెలదొడ్డికి, మనిషి మేజిస్ట్రేట్ ముందుకి. 1930లో గుంటూరులో గాంధీ టోపీ పెట్టుకోకూడదని 144 సెక్షన్ కింద ఆర్డరేశారు, పెట్టుకున్నవాడి మీద 188 సెక్షన్, అంటే సర్కారు ఆర్డర్ని ధిక్కరించిన కేసు. రిజిస్టర్లో ఆర్డర్ ధిక్కరించాడని ఒక్క ముక్క ఉంటుందేమో గానీ టోపీ సంగతి ఎందుకుంటుంది?

అందుకే సెక్షన్ దగ్గరే ఆగిపోవద్దు. తేదీ, ఊరు, అదే రోజు అదే సెక్షన్ కింద ఇంకెంతమంది ఉన్నారు, సాక్షులెవరు, ఇవన్నీ కలిపి చూడాలి. పల్నాటి వైపు నుంచి ఒకాయన జిరాక్స్ కాపీ పట్టుకొచ్చాడు, మడతల దగ్గర చిరిగిపోతోంది, పెళ్ళిలో బంధువెవరో "మీ తాత గొడ్ల కేసులో లోపలికెళ్ళాడుగా" అన్నాట్ట, పాపం ఆ మాట మింగుడుపడలేదు. అప్పటిదాకా తాత పేరున్న లైను తప్ప ఇంకేం చూడలేదాయన. పైకీ కిందకీ చూడమన్నాను. అదే ఊరు, అదే తేదీ, అదే జరిమానా, పేజీ నిండా వరసగా. ఊరు ఊరంతా ఒక్క రోజే పొరపాటున గొడ్లని అడవిలోకి తోలిందా చెప్పండి!

అపోహ: లాయర్ని పెట్టుకోలేదు, సాక్షుల్ని ఒక్క ప్రశ్నా అడగలేదు, అంటే తప్పు ఒప్పుకున్నట్టే.

వాస్తవం: సహాయ నిరాకరణలో కోర్టుల్ని బహిష్కరించడం కూడా ఒక భాగమండీ, వాదించుకోకపోవడమే వాళ్ళ పట్టుదల. కాబట్టి ఫైల్లో మిగిలేది ఒకవైపు కథే, అది కూడా ఎక్కువగా హెడ్ కానిస్టేబులో మునసబో కరణమో చెప్పింది, అంటే ఆ ప్రభుత్వం జీతగాళ్ళే. దాన్ని వేదవాక్కులా చదివితే ఎలా?

అపోహ: రికార్డులో పేరు లేదు, కాబట్టి ఉద్యమంలో లేడు.

వాస్తవం: అల్లూరి తీర్పు కాపీ కావాలని అడిగేవాళ్ళూ ఉన్నారు! 1924 మే 7న పట్టుకుని కాల్చి చంపేశారు, విచారణే లేదు, ఇంక తీర్పెక్కడిది? ఆయన అనుచరుడు గాం మల్లుదొర ప్రాణాలతో దొరికాడు కాబట్టి ఆయనకి కేసుంది, శిక్షుంది, అండమానుంది. తెనాలిలో 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ళని కూడా నిందితుల లిస్టులో వెతికితే ఏం లాభం, కేసు పెట్టేది బతికున్నవాళ్ళ మీద. లాఠీలతో చితక్కొట్టి వదిలేసినవాళ్ళకీ కేసు నంబరుండదు.

ఇక తెలంగాణ వాళ్ళు మద్రాసు ఫైళ్ళలో వెతకడం దండగ, తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యం, కాగితాలు వేరు, చాలావరకు ఉర్దూలో ఉంటాయి. రాజకీయ ఖైదీలందరికీ జైల్లో మర్యాదలు జరిగాయన్నదీ ఉత్తిదే, 1930లో ఏ, బీ, సీ క్లాసులు పెట్టాక కూడా ఎక్కువమంది అన్నిటికన్నా తక్కువ సదుపాయాలున్న సీ క్లాసులోనే మగ్గారు.

జడ్జిమెంటు దొరకలేదని బెంగపెట్టుకుని కూర్చోకండి. మేజిస్ట్రేట్ కోర్టుల పాత ఫైళ్ళు చాలావరకు ఎప్పుడో నాశనమైపోయాయి. జైలు అడ్మిషన్ రిజిస్టర్ అడగండి, అప్పీలుకి వెళ్ళుంటే హైకోర్టులో చూడండి, అదీ లేకపోతే మద్రాసు ప్రభుత్వం పదిహేను రోజులకోసారి ఢిల్లీకి పంపిన రిపోర్టుల్లో మీ ఊరి పేరుందేమో చూడండి. వెళ్ళేటప్పుడు మాత్రం పేరొక్కటే కాకుండా ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా రాసుకెళ్ళండి, ఒకే పేరుతో బోలెడుమంది తగులుతారు, గుమాస్తాలు ఇంటిపేర్లని ఇంగ్లీషులో రాసిన తీరు చూస్తే మీకే నవ్వొస్తుంది.