సంవత్సరం చూసి క్రౌన్ కొనకండి: పాత బండ్ల రేషియో మీద అపోహలు, వాస్తవాలు

"అన్నా, నాది ఫలానా సంవత్సరం జీపు, క్రౌన్-పినియన్ ఏ రేషియోది తెప్పించాలి?" అని దేవరకొండ వైపు నుంచో, అచ్చంపేట వైపు నుంచో వారానికి ఒక్క ఫోనైనా వస్తుంది. ఇరుసు మధ్యలో చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్; క్రౌన్ ఒక్క చుట్టు తిరగాలంటే పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో అదే రేషియో. సంవత్సరం చెప్తే రేషియో తెలిసిపోతుందనుకోవడమే అన్నిటికన్నా పెద్ద అపోహ. జనం పైసలు ఎక్కువగా పోయేది కూడా దీనివల్లనే.

కంపెనీ నుంచి బయటికొచ్చిన రోజు ఏముందో పుస్తకంలో ఉంటుంది, కాదనను. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ జీపుకు 4.88, అంటే క్రౌన్‌కు 39 పళ్లు, పినియన్‌కు 8. తర్వాత వచ్చిన సీజే-3బీకి 5.38, అంటే 43కి 8. కానీ మీ జీపు ఆ తర్వాత ఎన్ని చేతులు మారింది, ఎన్నేళ్లు సవారీలు కొట్టింది, మధ్యలో ఎవరు గుజిరీలో దొరికిన ఇరుసు తెచ్చి ఎక్కించారు, ఇవన్నీ ఏ పుస్తకంలో రాసి ఉంటాయి? ఆర్సీలో కూడా ఉండవు.

నిరుడు వానాకాలంలో ఒకాయన సీజే-3బీ తోలుకొచ్చాడు. అంతకు ముందే ఒక షాపులో వెనక ఇరుసు మార్పించాడు, "జీపుదే కదా, ఏదైనా ఒకటే" అని ఎక్కించారట. బురదలో ఫోర్‌వీల్ వేశాడు, అక్కడ బాగానే లాగింది. అట్లనే తారు రోడ్డెక్కి నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి బండి పట్టేసినట్టయింది, ఫోర్‌వీల్ లివర్ వెనక్కి రాలేదు. గేర్‌బాక్సు, ముందు వెనక ఇరుసులకు ఇంజిన్ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు రెండూ పోయాయని ఎవరో చెప్తే పాపం రాత్రంతా నిద్రపోలేదు. నేను ముందు ఒక చక్రం కింద జాకీ పెట్టి లేపాను. చక్రం నేల విడిచిందో లేదో టక్కున దానంతటదే తిరిగింది, లివర్ రెండు వేళ్లతో వచ్చేసింది. అప్పుడు లెక్కపెడితే ముందు 5.38, వెనక 4.88! వెనక చక్రం 10 మీటర్లు పోదామంటే ముందు చక్రం 9 మీటర్లే పోదామంటుంది. బురదలో టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది, తారు మీద సర్దుకోదు, బిగుసుకుంటుంది. ఇంకొంచెం దూరం పోయి ఉంటే నిజంగానే పళ్లు రాలేవి.

అందుకే లెక్కపెట్టండి అంటాను. ఏమీ విప్పే పని లేదు. చదునైన చోట ముందు చక్రాలకు ఇటూ అటూ రాళ్లు పెట్టి, న్యూట్రల్ చేసి, జీపైతే టూవీల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వదలండి. పాత జీపుల్లో ఆ బ్రేకు పట్టేది షాఫ్టునే, అంటే ఇంజిన్ వైపు నుంచి ఇరుసులోని పినియన్‌కు వచ్చే పొడవాటి కడ్డీనే, వదలకపోతే తిరగదు. వెనక ఒక్క చక్రమే లేపండి, రెండోది నేల మీదే ఉండాలి. ఇరుసు కింద స్టాండు పెట్టండి, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకండి. టైరు మీద ఒక సుద్దగీత, షాఫ్టు మీద ఒక గీత. ఒకరు టైరు నిదానంగా తిప్పుతుంటే ఇంకొకరు షాఫ్టు చుట్లు పైకి లెక్కపెట్టాలి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఒక చక్రం ఆగి ఉంటే, లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితేనే లోపల క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. టైరు ఒక్క చుట్టు తిప్పి "రెండున్నర చిల్లర వచ్చింది" అని ఫోన్ చేస్తారు, అది సగం లెక్క. నేనైతే టైరు 20 చుట్లు తిప్పమంటాను, అంటే క్రౌన్ 10 చుట్లు. షాఫ్టు 54కు కాస్త తక్కువ తిరిగితే 5.38, 49కి కాస్త తక్కువైతే 4.88. ఒకటి రెండు చుట్లతో సరిపెడితే 4.1కీ 4.3కీ తేడా కంటికి ఆనదు. జీపైతే ముందు ఇరుసుకూ ఇట్లనే, ముందు ఒక చక్రం లేపి, ముందు షాఫ్టు చుట్లు లెక్కపెట్టాలి. అప్పుడు రాళ్లు వెనక చక్రాలకు పెట్టాలి.

కొందరు రెండు చక్రాలూ లేపి ఒకటి తిప్పుతారు, రెండోది వెనక్కి తిరుగుతుంది, షాఫ్టు కదలదు, ఇక క్రౌన్ విరిగిందని టెన్షన్. ఏమీ విరగలేదు, రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ చేసే పనే అది.

మిగతావి తొందరగా చెప్తాను. నంబరు పెద్దదైతే స్పీడు ఎక్కువ అనేది తలకిందుల మాట, పెద్ద నంబరుకు లాగుడు ఎక్కువ. గంటకు 60 అంటే నిమిషానికి వెయ్యి మీటర్లు, టైరు చుట్టుకొలత 2.2 మీటర్లనుకుంటే టాప్ గేరులో 5.38కి ఇంజిన్ 2,440 చుట్లు తిరగాలి, 4.88కి 2,220 చాలు. రేషియో తగ్గిస్తే మైలేజీ వస్తుందనేదీ అంతే, ఇంజిన్ అలసిపోయి ఉంటే ఎత్తు రోడ్డు మీద మాటిమాటికీ గేరు దించాల్సి వస్తుంది, ఇక మైలేజీ ఎక్కడిది. పినియన్ ఒక్కటే కొత్తది వేస్తే చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, క్రౌన్, పినియన్ ఒకదానికొకటి అరగదీసి జతగా తయారు చేసినవి, విడదీస్తే సౌండు మొదలవుతుంది.

మీ లెక్క 53 వచ్చినా, 54 వచ్చినా కంగారు పడకండి, చేత్తో తిప్పినప్పుడు ఆమాత్రం తేడా ఉంటుంది, అది 5.38యే. 51 వస్తే మాత్రం మళ్లీ మొదటి నుంచి తిప్పండి.