మా వంశంలో ఎవరికీ లేదు, మరి మా బిడ్డకెలా వచ్చింది?

జెనెటిక్ కౌన్సెలర్‌గా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకో మాట వస్తుంది, "అయితే ఇది జన్యువుల జబ్బు కాదేమో మేడం" అని. ఆ ఒక్క నమ్మకంతో పరీక్షలు వాయిదా వేసుకుని, రెండో బిడ్డకూ అదే జబ్బు వచ్చాక నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని జబ్బు తలసీమియా సంగతే తీసుకోండి. రక్తంలోని హిమోగ్లోబిన్ తయారీకి కావాల్సిన బీటా గ్లోబిన్ జన్యువు మనకు రెండు కాపీలుంటుంది, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. ఒకటి పాడైనా రెండోది నెట్టుకొస్తుంది. మహా అయితే రక్తం కొంచెం తక్కువుందని ఐరన్ మాత్రలు రాస్తారు, అంతే. అలా తరతరాలుగా చప్పుడు లేకుండా దిగిన మార్పు, అదే జన్యువులో మార్పున్న మరో మనిషితో పెళ్లయి పిల్లలు పుట్టాకే బయటపడుతుంది. వంశంలో జబ్బు లేనంత మాత్రాన మార్పు లేదని కాదు.

అలాంటి జంటకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ప్రతి బిడ్డకూ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఒక తండ్రి ఎంతో ఆశగా అడిగాడు, "నలుగురిలో ఒకరికన్నారుగా, మొదటి పాపకు వచ్చేసింది, ఇక తర్వాతి ముగ్గురికీ రాదుగా" అని. మొదటి బిడ్డకు ఏ కాపీ వెళ్లిందో రెండోసారి అండానికీ తెలీదు, శుక్రకణానికీ తెలీదు, లెక్క మళ్లీ మొదటికే వస్తుంది అని చెప్పాల్సి వచ్చింది. పక్కన ఆయన భార్య తల దించుకుని కూర్చుంది, జబ్బు ఆవిడ వైపు నుంచే వచ్చిందని ఇంట్లో అంటున్నారట. ఇద్దరి రిపోర్టులూ పక్కపక్కన పెట్టాను, ఇద్దరూ క్యారియర్లే, అంటే తమకు జబ్బు లేకపోయినా పాడైన కాపీ ఒకటి మోస్తున్నవాళ్లే. ఆయన తన రిపోర్టు ఫొటో తీసి అక్కడికక్కడే వాళ్లమ్మకు పంపాడు.

కొన్నిసార్లు తల్లిదండ్రులిద్దరిలోనూ లేని మార్పే బిడ్డలో ఉంటుంది. జీనోమ్ అంటే మన డీఎన్ఏ మొత్తం, దాని ఒక సెట్టులోనే దాదాపు 300 కోట్ల అక్షరాలు, కణం విడిపోయే ప్రతిసారీ అవన్నీ కాపీ అవ్వాలి. ఆ కాపీ చేసే ఎంజైమ్ పాలిమరేజ్ తప్పు అక్షరం పెడితే చాలావరకు తనే వెనక్కొచ్చి దిద్దుకుంటుంది, మిగిలినవి రిపేర్ ఎంజైములు పట్టుకుంటాయి, అయినా కొన్ని జారిపోతాయి. మనలో ఒక్కొక్కరం సుమారు 60-70 కొత్త మార్పులతో పుట్టినవాళ్లమే, చాలావాటితో ఏ హానీ లేదు, వాటిలో ఎక్కువ భాగం వచ్చేది తండ్రి వైపు నుంచే. ఎముకలు సరిగ్గా పెరగక పొట్టిగా ఉండిపోయే అకాండ్రోప్లేసియా ఉన్న పిల్లల్లో దాదాపు 80 శాతం మందికి తల్లిదండ్రులిద్దరూ మామూలు ఎత్తే. కడుపుతో ఉన్నప్పుడు నేనేం తప్పు చేశానని ఏడ్చే తల్లులకు ఇదే చెప్తాను, మీరేం చేయలేదమ్మా. ఇలాంటప్పుడు తర్వాతి బిడ్డకు రిస్క్ చాలా తక్కువ, సున్నా మాత్రం కాదు.

దగ్గరి బంధువుల పెళ్లిళ్లవల్లే వస్తుందా? రిస్క్ పెరుగుతుంది, బయటి సంబంధమైతే రాదనే గ్యారంటీ లేదు. క్యాన్సర్లన్నీ వంశపారంపర్యమా? కాదు, రొమ్ము క్యాన్సర్లలో అలాంటివి 5-10 శాతమే.

ఇంకో బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే రండి, పెద్దబిడ్డవీ మీ ఇద్దరివీ రిపోర్టులు తెచ్చుకోండి. కడుపులో బిడ్డకు 11 వారాలు దాటాక పరీక్ష చేయొచ్చు, కానీ మీలో ఉన్న మార్పు ఏదో ముందే తేలితేనే ల్యాబ్‌కి దేన్ని వెతకాలో తెలుస్తుంది, అది తేలడానికే ఒక్కోసారి వారాలు పడుతుంది.